రెండుసార్లు అట్లాంటిక్ దాటించిన మా విండ్‌వేన్: ఆరేళ్ళ తర్వాత

మా 11 మీటర్ల తెరచాప యాట్ వెనక విండ్‌వేన్ (గాలిని బట్టి దానంతటదే చుక్కాని పట్టే పరికరం) బిగించి ఆరేళ్ళయింది. దాంతో అట్లాంటిక్ రెండుసార్లు దాటాం. మొదటిసారి కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి, సుమారు 2,700 నాటికల్ మైళ్ళు, 23 రోజులు. తర్వాత కేప్ వెర్డీలోని మిండెలో నుంచి బార్బడోస్‌కి, 17 రోజులు. పడవలో నేనూ మా ఆవిడా, ఇద్దరమే. కొనాలా అని అడిగేవాళ్ళకి నా మాట ఒకటే: తప్పకుండా కొనండి, కానీ తెరచాపలు సర్దడం రాకుండా దాని మీద భారం వేయకండి.

ఇది కరెంటు అడగదు. పలుచటి ప్లైవుడ్ పలక ఒకటి గాలికి అంచు పెట్టి నిలబడి ఉంటుంది. పడవ దారి తప్పగానే గాలి పలక ముఖానికి తగిలి దాన్ని వాలుస్తుంది. ఆ వాలుకి నీళ్ళలోని తెడ్డు కాస్త తిరుగుతుంది, పరుగెత్తే నీళ్ళు తెడ్డును పక్కకు నెడతాయి, ఆ బలమే తాళ్ళ మీదుగా చుక్కాని కర్రను లాగుతుంది. పడవ వేగం పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది. పెద్ద అలల్లో అరగంటకే నా భుజాలు పడిపోయేవి. ఇది తెల్లార్లూ పట్టుకుంటుంది.

వెనక గాలితోనే పేచీ. వాణిజ్య పవనాల దారిలో వచ్చేది ఎక్కువగా అదే. 12 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) గాలిలో పడవ 5 నాట్లతో అటే పోతుంటే పలకకి తగిలేది 7 నాట్లే. మొదటి వారం మా పడవ పాములా మెలికలు తిరిగింది. పెద్ద తెరచాప పూర్తిగా విప్పి ఉంచడం మా తప్పు. అది పదే పదే పడవ ముక్కును గాలివైపు తిప్పేసేది. దాన్ని దించేసి, ముందు తెరచాప ఒక్కటే కర్రతో పక్కకు చాపి కట్టాక పడవ కుదుటపడింది. ఆ రాత్రే మేం మూడేసి గంటల వంతుల్లో మొదటిసారి నిజంగా నిద్రపోయాం.

తొమ్మిదో రాత్రి చుక్కాని కర్రను లాగే తాడు కప్పీ దగ్గర ఏదో కరకరమంటోంది. టార్చ్ వేసి చూస్తే తాడు పైతొడుగు చిరిగి, లోపలి తెల్లటి పోగులు జుట్టులా రేగి ఉన్నాయి. ఇంకో గంటకు తెగిపోయేదే. అప్పట్నుంచి మూడు రోజులకోసారి తాడును బెత్తెడు జరుపుతున్నాను, ఒకే చోట అరగకుండా. సర్గాసమ్ నాచు మరో తలనొప్పి. అది తెడ్డుకి చుట్టుకుంటే పడవ మత్తెక్కినట్టు తూలుతుంది. కొక్కెం కర్రతో పీకి పారేయాలి. ఒక్కోరోజు పది పదిహేనుసార్లు పీకాను.

ఇది దిక్కును కాదు, గాలిని పట్టుకుని నడుస్తుందని మరవకండి. గాలి మళ్ళితే పడవా చప్పుడు లేకుండా మళ్ళుతుంది. కాపలాలో ఉన్నవాళ్ళు కాసేపటికోసారి కంపాస్ చూసుకోవాల్సిందే. గాలి చచ్చిపోయి ఇంజన్ మీద వెళ్ళేటప్పుడు ఇది పనికిరాదు, అప్పటికి ఎలక్ట్రిక్ ఆటోపైలట్ ఉంచుకోండి.

నాకు ఇప్పటికీ భయం వేసే సంగతి ఒకటుంది. మనం నీళ్ళలో పడినా ఇది పడవను అలాగే నడిపించుకుంటూ పోతుంది, లోపల మనిషి నిద్రలో ఉంటాడు. అందుకే క్యాబిన్ మెట్టు ఎక్కి బయటికి రాకముందే ఒంటికి కట్టుకున్న రక్షణ పట్టీ కొక్కెం పడవకి తగిలించేది, మెట్టు దిగి లోపలికి వెళ్ళాకే విప్పేది. పట్టపగలైనా, సముద్రం అద్దంలా ఉన్నా మా పడవలో ఇందుకు మినహాయింపు లేదు.