విశాఖ సముద్రం ముందు భోజనం: ఏ పూట, ఎక్కడ

విశాఖలో సముద్రం కనబడే టేబుల్ కావాలంటే రాత్రి భోజనానికి అడక్కండి. పొద్దున టిఫినుకి అడగండి, లేదంటే చీకటి పడకముందే వెళ్ళి కూర్చోండి. ఇది తూర్పు తీరం. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు గానీ నీళ్ళలోకి దిగడు, సాయంత్రం ఊరి వెనక కొండల చాటుకు వెళ్ళిపోతాడు. చలికాలంలో ఆరున్నర దాటితే సముద్రం ఎక్కడుందో చప్పుడుని బట్టి తెలుసుకోవాల్సిందే. ఈ సంగతి ముందు తట్టక, మొదటి రాత్రి బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో అద్దం పక్క టేబుల్ కోసం ముప్పావుగంట కాచుకున్నాం. తీరా కూర్చున్నాక అద్దంలో లోపలి దీపాలే కనబడ్డాయి. రేవులోకి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు మాత్రం దూరంగా నాలుగైదు మిణుకుమన్నాయి. భోజనం ఏ ఊళ్ళోనైనా దొరికేదే: పనీర్ టిక్కా, బటర్ నాన్, జీడిపప్పు ముద్దతో తియ్యబడిపోయిన కూర. విశాఖ దాకా వచ్చి తినవలసింది కాదు.

మేం నలుగురం. బెజవాడలో ఇంటర్ కలిసి చదివాం. ఒకామె డాక్టరు, సొంతూరు భీమిలి. ఒకామె బ్యాంకులో చేస్తుంది. మూడో ఆమె ప్రభుత్వ బడిలో టీచరు. నేను ఇంటి దగ్గర్నుంచి లెక్కల పని చేస్తాను. పిల్లల పరీక్షలు మొదలయ్యేలోపు మూడు రోజులు ఎక్కడికైనా పోదామని అనుకోవడమే పదేళ్ళుగా జరుగుతోంది. ఈ మాఘంలో కుదిరింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు నుంచి నేను, దారిలో మిగతావాళ్ళు ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగాం.

పెట్టుకున్న నియమం ఒకటే. ఈ మూడు రోజులూ మంచి చోట కూర్చోవాలి, ఎవరో వండాలి, ఎవరో వడ్డించాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఇంట్లో అందరికీ పెట్టి చివర్న తింటున్న వాళ్ళం. ఖరీదైన రెస్టారెంట్లకు వెళ్ళాలన్న కోరికలో మాకు రుచి సగమైతే, ఇది మిగతా సగం. అందుకే కింద రాసిన అభిప్రాయాలన్నిట్లో వంటకెంత విలువ ఇచ్చానో వడ్డించినవాళ్ళ శ్రద్ధకూ అంతే ఇచ్చాను.

బస నోవోటెల్‌లో. ఆర్.కె. బీచ్ ఎదురుగా ఉంటుంది, మా గది సముద్రం వైపే. గది గురించి ఎక్కువ చెప్పను, శుభ్రంగా ఉంది, నిద్ర పట్టింది. చెప్పాల్సింది టిఫిను గురించి. పొద్దున్నే నడక వాళ్ళ కోసం బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కాబట్టి హారన్లు ఉండవు. ముందు ఇసుకలో ఒక గంట నడిచి, కాళ్ళు కడుక్కుని, జనం రాకముందే బఫేకి వెళ్ళాం. ఎండ ఇంకా పల్చగా ఉంది. తెప్పలు రెండు ఒడ్డుకు వస్తున్నాయి, వెనకాల కొంగలు. ఆ వెలుతురులో టేబుల్ మీద పెసరట్టు పెట్టారు, అంచులు కరకరలాడుతూ, నడుమ సన్నటి అల్లం ముక్కలు, పచ్చిమిర్చి. అల్లప్పచ్చడిలో బెల్లం కాస్త ముందుకొచ్చింది, ఉత్తరాంధ్ర చెయ్యి అని భీమిలి ఆమె వెంటనే పట్టేసింది. ఈ వైపు వంటల్లో బెల్లం, నువ్వులు, ఆవపిండి ధారాళంగా పడతాయి. పక్కనే అనకాపల్లి ఉండగా బెల్లానికి కరువా మరి.

బఫేలో నలభై రకాలు ఉంటే నలభైకీ ఆశపడటం మా మొదటి రోజు పొరపాటు. రెండో రోజు ఆ రొట్టెలు, పేస్ట్రీలు, సాసేజీల వైపు వెళ్ళలేదు. దోసెలు వేసే అతని దగ్గర నిలబడి అడిగి వేయించుకున్నాం. కాఫీ కూడా మిషన్‌ది వద్దు, ఫిల్టర్‌ది ఇవ్వమని అడిగితే విడిగా తెచ్చారు. అరకు వైపు వెళ్ళే తీరిక మాకు లేదు గానీ అక్కడి అరబికా గింజకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కాఫీ తాగే ప్రతిచోటా ఆ పేరు అడిగి తాగితే మంచిది. గంటన్నర కూర్చున్నా ఎవరూ ప్లేట్లు లాగేయలేదు. నా వరకు ఈ యాత్రలో డబ్బుకి తగ్గ భోజనం ఈ టిఫినే. అది గది అద్దెలోనే కలిసి ఉంది కూడా.

రెండో రాత్రి సంగతి రాయడం కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఒక స్టార్ హోటల్ పైఅంతస్తులో చైనా, థాయ్ వంటల రెస్టారెంట్. పేరు చెప్పను. గాలి బాగుంది, ఊరంతా దీపాలు, సంగీతం కూడా చెవులు హోరెత్తేలా లేదు. మా టీచరమ్మ పుట్టు శాకాహారి. మేం మాంసం తింటుంటే పక్కన కూర్చోవడానికి ఆమెకు ఏ అభ్యంతరమూ ఉండదు, తన కంచం వరకు మాత్రం గట్టి పట్టుదల. పుట్టగొడుగులు, బేబీకార్న్ కూర ఒకటి చెప్పింది. వడ్డించే కుర్రాణ్ణి రెండుసార్లు అడిగింది, "ఇందులో చేపది గానీ, ఇంకేదైనా గానీ కలుస్తుందా బాబూ?" అని. "లేదు మేడమ్, ప్యూర్ వెజ్" అన్నాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. డాక్టరమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని వాసన చూసి, "ఆగవే, తినకు" అంది. లోపల కనుక్కురమ్మంటే పది నిమిషాలకు వచ్చి, ఆయిస్టర్ సాస్ పడిందని చెప్పారు. అంటే సముద్రపు ఆల్చిప్పల రసం.

ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఏమీ తినలేదు, మంచినీళ్ళు తాగింది. మేనేజరు వచ్చి క్షమించమన్నాడు, ఆ కూర డబ్బు తీసేశాడు. తీసేయడం కాదు కావలసింది, అడిగినప్పుడు లోపలికి వెళ్ళి కనుక్కోవడం. తెలియకపోతే "కనుక్కుని చెప్తానమ్మా" అనడానికి ఎంతసేపు? ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవాళ్ళ మీద ఉంది. శాకాహారులతో ఇలాంటి చోట్లకి వెళ్తే ఊరికే "వెజ్జేనా?" అని అడిగితే చాలదు. ఫిష్ సాస్ పడుతుందా, ఆయిస్టర్ సాస్ పడుతుందా, పులుసుకి వాడిన నీళ్ళు మాంసం ఉడికించినవా, ఇలా పేరుపేరునా అడగాలి. థాయ్ కూర ముద్దల్లో ఎండురొయ్యల ముద్ద కలపడం కూడా మామూలే.

బిల్లు దగ్గర బ్యాంకావిడ కళ్ళజోడు పెట్టుకుంది. తిన్నది 5,200. దాని మీద సర్వీస్ ఛార్జి పది శాతం, 520. ఈ రెండూ కలిపి, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 6,749 రూపాయల 60 పైసలు. సర్వీస్ ఛార్జి తీసేయమంది. ఇది గొడవ పెట్టుకోవాల్సిన విషయం కాదు, మన హక్కు. అడక్కుండా బిల్లులో సర్వీస్ ఛార్జి కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మాకు అంతదూరం రాలేదు, మారు మాట్లాడకుండా 6,136కి బిల్లు మార్చి ఇచ్చారు. తేడా 613 రూపాయల 60 పైసలు. సర్వీస్ ఛార్జి మీద కూడా పన్ను పడుతుంది కనుక దాన్ని తీయిస్తే రెండు విధాలా తగ్గుతుంది.

ఆ 18 శాతం గురించి కూడా ఒక మాట. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటిన హోటళ్ళ లోపల ఉండే రెస్టారెంట్లలో తిండి మీద జీఎస్టీ 18 శాతం. విడిగా ఉన్న రెస్టారెంట్లలో, అవెంత ఖరీదైనవైనా, 5 శాతమే. మెనూలో రెండు చోట్లా ఒకే ధర కనిపించినా జేబులోంచి పోయేది ఒకటి కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఎక్కడికెళ్ళాలో మేం ముగ్గురం రాత్రే అనుకున్నాం, టీచరమ్మకి చెప్పలేదు. సూర్యాబాగ్‌లో దసపల్లా హోటల్, అందులో ధరణి. పెద్ద పెద్ద అద్దాలూ సముద్రమూ లేవు. పాత హోటల్, ఊరివాళ్ళ హోటల్. శాకాహార భోజనం అక్కడ పేరున్నది. నలుగురం అదే చెప్పాం, ఆమె ఒక్కతే వేరేగా తినకూడదని.

కూర్చోగానే వేడి అన్నం, పప్పు, దాని మీద నెయ్యి. పక్కన వేపుడు, పులుసు, రెండు పచ్చళ్ళు. అక్కడ గమనించాల్సింది వడ్డన. పెద్దాయన ఒకాయన కూర గిన్నెతో తిరుగుతున్నాడు. ఎవరి కంచంలో ఏది అయిపోవస్తోందో చూసుకుంటూ, పిలిచే అవసరం రానివ్వలేదు. టీచరమ్మ ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటుంటే, అడక్కుండానే ఇంకో చెంచా నెయ్యి వేసి "కలుపుకోండమ్మా" అన్నాడు. ముందు రాత్రి నుంచి ముడుచుకుపోయి ఉన్న మనిషి, మొదటిసారి నవ్వింది. పులుసన్నం మారు వడ్డించుకుంది, పెరుగన్నం దగ్గర కూడా ఆగలేదు. ఆఖర్న ఫిల్టర్ కాఫీ. బిల్లు ముందు రాత్రి దాంట్లో నాలుగో వంతు కూడా రాలేదు.

ఇక్కడే డబ్బు పంచుకునే పద్ధతి మార్చాం. అప్పటిదాకా అన్నీ నాలుగు సమాన వాటాలు. పీతలకీ రొయ్యలకీ టీచరమ్మ ఎందుకు కట్టాలి? గది, బండి సమానం, తిండిలో మాంసాహారం మా ముగ్గురిదీ అని బ్యాంకావిడ లెక్క వేసింది. "ఏం అక్కర్లేదే" అని టీచరమ్మ మొహమాటపడింది గానీ మేం వినలేదు. కలిసి వెళ్ళే స్నేహితుల్లో అందరి జీతాలూ ఒకటి కావు. ఈ మాట రైలెక్కక ముందే మాట్లాడుకుని ఉండాల్సింది.

ఆఖరి సాయంత్రం మాఘ పౌర్ణమి. పొద్దున్నుంచీ బీచ్‌లో స్నానాల జనం. మేం అయిదున్నరకే ద పార్క్ హోటల్‌కి చేరాం. పక్కనే జాలరిపేట, ఇసుకలో బోర్లించిన పడవలు, ఆరబెట్టిన వలలు. హోటల్ తోట నేరుగా ఇసుకలోకి దిగుతుంది. బ్యాంబూ బే టేబుళ్ళు ఆరుబయటే, సముద్రానికి ఎదురుగా. ఈసారి ఫోన్ చేసి ముందు వరస చెప్పి ఉంచాం.

భీమిలి ఆమె మెనూ తెరవలేదు. "ఇవాళ ఏం వచ్చింది బాబూ?" అని అడిగింది.

"కోనెం ఉందమ్మా, సందువ ఉంది. పీతలు బాగున్నాయి."

కోనెం అంటే మనం వంజరం అనేదే, ఈ తీరంలో పేరు అది. సందువ అంటే చందువ, ఇంగ్లీషులో పాంఫ్రెట్. మెనూలోని ఇంగ్లీషు పేరుతో కాకుండా ఊరి పేరుతో అడిగితే చెప్పేవాళ్ళు కూడా మనసు పెట్టి చెప్తారు, వద్దనాల్సింది వద్దంటారు. రొయ్యలు ఇవాళ చిన్నవొచ్చాయి, వద్దని అతనే అన్నాడు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. వేసవి సెలవుల్లో వచ్చి పెద్ద హోటల్లో కోనెం తింటే అది ఎన్నాళ్ళు మంచులో ఉందో అడగడం తప్పు కాదు. చేపల కోసమే వచ్చేవాళ్ళకి చలికాలం మేలు.

కోనెం పులుసు మట్టి మూకుడులో వచ్చింది. చింతపండు పులుపు ముందు, కారం తర్వాత. ముక్క పెళుసుగా లేదు, పొరలుగా విడిపోయింది. పీత డెక్కలు ముందే చితక్కొట్టి ఇచ్చారు, చేత్తోనే తిన్నాం, ఖరీదైన చోటని ఎవరూ చెంచాలు పట్టలేదు. టీచరమ్మకి వంకాయ కూర, అప్పం. అందులో ఏమేం పడ్డాయో అతను వంటవాణ్ణి అడిగి వచ్చి, వేరే మూకుట్లో చేశారని కూడా చెప్పాడు. మేం అడగలేదు. ఆమె శాకాహారి అని బుకింగ్ చేసినప్పుడు చెప్పిన ఒక్క మాట రాసి పెట్టుకున్నారు.

ఆరు కావస్తుండగా నీటి అంచున ఎర్రగా ఏదో లేచింది. ఓడేమో అనుకున్నాం. చంద్రుడు. కుంకుమ రంగులో పైకి వచ్చి, చూస్తుండగానే పసుపై, తర్వాత తెల్లబడ్డాడు. నీళ్ళ మీద మా టేబుల్ దాకా వెలుగు దారి పడింది. రాత్రి సముద్రం చూడాలనుకునేవాళ్ళు పౌర్ణమి చూసుకుని బయల్దేరండి, మిగతా రాత్రుల్లో ఆ టేబుల్‌కి అంత విలువ లేదు.

టీచరమ్మ అలవాటుకొద్దీ గరిటె తీసుకుంది. తను తినని చేపల పులుసు మా ముగ్గురికీ పొయ్యబోయింది. వడ్డించే అతను వచ్చి ఆమె చేతిలోంచి గరిటె నెమ్మదిగా తీసుకుని, "మీరు కూర్చోండమ్మా, నేనున్నాను కదా" అన్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులేం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, తర్వాత సముద్రం వైపు తిరిగింది.

రైలు పదకొండింటికి. బిల్లు తెమ్మంటారా అని అడిగితే, ఇంకో పది నిమిషాలు కూర్చుంటామన్నాం.

"గంట కూర్చోండమ్మా" అన్నాడు.