3,200 రూపాయల గది, 3,111 రూపాయల ఊరు

తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగిన లాడ్జి సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. యాప్‌లో 'సముద్రం కనిపించే హెరిటేజ్ గది' అని పెట్టారు. రాత్రికి 3,200. ఫొటోలో కిటికీ, కిటికీ నిండా అలలు. మేం వెళ్లి కిటికీ తీస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన లుంగీ. మేనేజర్‌ని నిలదీస్తే "ఆ ఫొటో ఊరిది సార్, గదిది కాదు" అన్నాడు, ముఖంలో నవ్వన్నది లేకుండా. వేడినీళ్లు బకెట్‌కి 40. 'ఉచిత టిఫిన్' రెండు ఇడ్లీల దాకానే, మూడోదానికి 25. గది చూసి బుక్ చేసింది నేనే కాబట్టి మా ఆవిడ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

మామగారు మాత్రం హుషారుగా ఉన్నారు. రిటైరైన హిస్టరీ మాస్టారు, అసలు ఈ ప్రయాణమే ఆయన పోరు మీద పెట్టుకున్నది. మంచం మీద కూర్చుని అడిగారు: "అల్లుడుగారూ, 1620లో డేన్‌లు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఇక్కడ కోట కట్టుకోడానికి, వ్యాపారం చేసుకోడానికి ఏడాదికి ఎంత అద్దె ఒప్పుకున్నారో తెలుసా? 3,111 రూపాయలు!" ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉందట. మా రసీదులో గది నంబరు కూడా తప్పే.

విజయవాడ నుంచి చెన్నై, అక్కణ్ణుంచి మయిలాడుదురై రైళ్లు సుఖంగానే గడిచాయి. ఆ తర్వాత కారుకి 1,400 తగలేశాం. బస్సులున్నాయి, మీరు మాలా తొందరపడకండి.

పొద్దున్నే డేన్‌లు కట్టిన డాన్స్‌బోర్గ్ కోటకి వెళ్లాం. కంపెనీ, ఫిరంగి, బైబిలు మూడూ ఒకే ఓడలో, ఒకే మాట మీద దిగాయని నేననుకునేవాణ్ణి. ఇక్కడ అలా జరగలేదు. 1706 జులైలో జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు జర్మన్ కుర్రాళ్లు క్రైస్తవం బోధించడానికి దిగారు. పంపింది డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్. కానీ ఊళ్లో పెత్తనం డేన్‌ల ఈస్టిండియా కంపెనీది. వీళ్ల బోధలతో గొడవలు రేగితే వ్యాపారం దెబ్బతింటుందని దాని భయం. 1708లో కమాండెంట్ హాసియస్ జీగెన్‌బాల్గ్‌ని నాలుగు నెలలు ఖైదులో పెట్టాడు. మామగారు ఇదంతా చెబుతుంటే మా ఆవిడ బురుజు మీంచి సముద్రాన్ని చూసి మొదటిసారి నోరు విప్పింది: "మన గది కంటే ఆ ఖైదే నయం నాన్నా."

న్యూ జెరూసలేం చర్చికి తాళం వేసి ఉంది. పక్కనున్న పెద్దాయన ఎండలో సైకిలేసుకుని వెళ్లి అరగంటలో తాళంచెవి తెచ్చారు. 100 ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఈ ప్రయాణంలో నా దగ్గర డబ్బు వద్దన్నది ఆయనొక్కరే. 1718లో కట్టిన చర్చి, ముఖద్వారం పైన రాజుగారి ముద్ర. లోపల జీగెన్‌బాల్గ్ సమాధి. 1719లో పోయేనాటికి 36 ఏళ్లే. పిల్లల పక్కన కూర్చుని ఇసకలో వేలితో దిద్ది తమిళం నేర్చుకున్నాడు, 1715కల్లా తమిళంలో కొత్త నిబంధన అచ్చేయించాడు. ఇక్కడి దేవతల కథలు సేకరించి పుస్తకం రాసి జర్మనీలోని హాలెలో ఉన్న మిషన్ పెద్దలకు పంపితే, వాటిని పెకలించమని పంపాం గానీ యూరప్‌లో ప్రచారం చేయమని కాదని మొట్టికాయ పడింది. ఆ పుస్తకం 1867 దాకా అచ్చు ముఖం చూడలేదు.

ఇదంతా ఉత్సాహంగా చెప్పిన మామగారు చర్చి మధ్యలో నిలబడి తగ్గిపోయారు. కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది. ఆ రోజుల్లో ఏ కులం వాళ్లు ఎక్కడ కూర్చోవాలో లెక్క ఉండేదట. 1733లో ఆరోన్ అనే తమిళుణ్ణి పాదిరీని చేశారు, అందాకా బాగానే ఉంది. ఏళ్ల తరబడి బోధకుడిగా తిరిగిన రాజనాయకన్‌ని మాత్రం చేయలేదు. ఆయన దళితుడు. ఆయన చేతి ప్రభు భోజనపు రొట్టె పైకులాల క్రైస్తవులు తీసుకోరేమోనని మిషనరీలే వెనక్కి తగ్గారు. తాళంచెవి పెద్దాయన మా మాటలు ఎంతవరకు అర్థం చేసుకున్నారో గానీ, ముందు బెంచీ తుడిచి మామగారిని కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం పొరైయార్‌లో చేపల భోజనం 150, వంక పెట్టడానికి లేదు. ఊరు చూడ్డానికి ఒక్క రోజు చాలు. బస కారైకాల్‌లో పెట్టుకోండి.

గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు చూస్తే కింద 'సీ వ్యూ' అని ఇంకో 200 ఉంది. నేను గొంతు పెంచేలోపు మామగారు పర్సు తీసి కట్టేశారు. 1845లో డేన్‌లు ఈ ఊరిని, బెంగాల్‌లోని సెరంపూర్‌ని కలిపి ఇంగ్లీషువాళ్లకి 12.5 లక్షలకి అమ్మేశారని మేనేజర్‌కి వివరంగా చెప్పి, రసీదు అడిగారు. "బంగారు రేకు అక్కర్లేదు బాబూ, కాగితం చాలు."