రిజిస్టర్ విలువకు బఫర్: స్థిర పరిమాణమా, అడిగి తెలుసుకున్న పరిమాణమా?

ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే జీడీబీ డీబగ్గర్‌లో రిజిస్టర్లను (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ స్థలాలను) చదివే కోడ్ చాలాకాలం ఒకే గరిష్ఠ స్థిరాంకాన్ని నమ్ముకుని బఫర్లను (తాత్కాలిక మెమరీ స్థలాలను) ప్రకటించేది; చివరికి ఆ స్థిరాంకం 64 బైట్లు. ఇంటెల్ తెచ్చిన 512 బిట్ల ఏవీఎక్స్-512 రిజిస్టర్‌కు ఆ స్థలం సరిగ్గా సరిపోతుంది. ఆర్మ్ ప్రాసెసర్ల ఎస్‌వీఈ వెక్టర్ రిజిస్టర్ (ఒకేసారి అనేక విలువలను పట్టేది) మాత్రం 128 నుంచి 2048 బిట్ల వరకు, అంటే 256 బైట్ల దాకా ఉండవచ్చు.

స్థిరాంకాన్ని 256కు పెంచడం ఒక్క వరుస మార్పు. కోడ్ సమీక్షకు నిమిషం చాలు, హీప్ కేటాయింపు (ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకోవడం) అవసరం రాదు. అయితే ఇంతకన్నా పెద్ద రిజిస్టర్ వచ్చిన రోజున, ఏదైనా ఒక చోట హద్దు తనిఖీ లేకపోతే, పక్క మెమరీ చడీచప్పుడు లేకుండా చెడిపోతుంది. డీబగ్గర్ చూపే విలువే తప్పయితే ప్రోగ్రామర్ ఇక దేన్ని నమ్మాలి?

ప్రతి రిజిస్టర్ పరిమాణాన్ని ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) వివరణ నుంచి అడిగి, ఆ మేరకే బఫర్ తీసుకోవడం రెండో మార్గం. ఇది అనేక ఫైళ్లను తాకుతుంది, సమీక్షకు ఓపిక కావాలి. అయినా నేను దీనినే ఆమోదిస్తాను. 2017లో జీడీబీ కూడా ఆ ఉమ్మడి స్థిరాంకాన్ని తొలగించింది.

ఇక్కడ సమీక్షకులు పట్టుబట్టి చూడవలసింది ఒకటుంది. లినక్స్‌లో ఎస్‌వీఈ వెక్టర్ పొడవు థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే భాగాన్ని) బట్టి వేరుగా ఉండవచ్చు, ప్రోగ్రాం నడుస్తుండగానే మారనూవచ్చు. కాబట్టి ప్రాసెస్ మొదలైనప్పుడు తెలుసుకున్న పరిమాణాన్నే దాచుకుని వాడితే ఈ మార్గంలోనూ తప్పు విలువే వస్తుంది. ఎప్పుడూ 8 బైట్లే ఉండే సాధారణ రిజిస్టర్లకు మాత్రం ఆ ఆర్కిటెక్చర్ ఫైలులోనే చిన్న స్థిరాంకం ఉంచడంలో అభ్యంతరం లేదు.