600 ఫీజుతో 200 మందా, 1500 ఫీజుతో 80 మందా? విజయనగరంలో జిమ్‌కి ఏది మేలు

విజయనగరంలో జిమ్ పెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది మెషిన్ల గురించే. ఏ కంపెనీ ట్రెడ్‌మిల్ మంచిది, సెకండ్ హ్యాండ్ కొనొచ్చా, ఏసీ పెట్టాలా వద్దా అని. వీటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. నెలకు 600 కట్టేవాళ్లు 200 మంది కావాలా, 1500 కట్టేవాళ్లు 80 మంది కావాలా? ఎటు చూసినా నెల రాబడి 1,20,000 రూపాయలే. కానీ ఇవి రెండూ ఒకే వ్యాపారం కాదు. హాలు, కరెంటు బిల్లు, ట్రైనరు పని, నెలాఖరున చేతిలో మిగిలేది, అన్నీ వేరు.

కింద వేసిన అంకెలు లెక్క చూపించడానికి నేను అనుకున్నవి. మీ వీధిలో అద్దె ఎంతో, మీకు దొరికే ట్రైనరు జీతం ఎంతో పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

తక్కువ ఫీజు, ఎక్కువ మంది

200 మందికి 1800 చదరపు అడుగుల హాలన్నా కావాలి. అద్దె 30,000 అనుకుందాం. ఇద్దరు ట్రైనర్లకి 30,000, ఊడ్చి తుడిచే మనిషికి 8,000, కరెంటుకి 18,000, రిపేర్లకి 6,000, ఫ్లెక్సీలకీ ఫోన్లో ప్రకటనలకీ 5,000. మెషిన్ల కోసం 12 లక్షలు అప్పు తెచ్చారనుకోండి, 12 శాతం వడ్డీకి అయిదేళ్లకి వాయిదా నెలకు దాదాపు 26,700 పడుతుంది. మొత్తం 1,23,700. అంటే 200 మంది నికరంగా ఫీజు కట్టినా నెలకు 3,700 ఎదురు పెట్టుకోవాలి. యజమాని శ్రమకి జీతం ఇందులో లేనేలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు మానేసేవాళ్లతో వస్తుంది. ఫీజు తక్కువైతే చేరడం తేలిక, మానేయడమూ అంతే తేలిక. నెలకు నూటికి పదిమంది మానేస్తారనుకుంటే, ఆ 200 నిలబెట్టుకోవడానికి ప్రతి నెలా 20 మంది కొత్తవాళ్లు రావాలి. ఏడాదికి 240 మంది. ఇవాళ చేరిన 200 మందిలో ఏడాది తిరిగేసరికి మిగిలేది 56 మందే. హైదరాబాద్‌లో అయితే జనం తరగరు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం పట్నంలో ఉన్నది 2 లక్షల పైచిలుకు మంది. అందులో జిమ్‌కి వచ్చే వయసు, ఇష్టం, మీ హాలుకి దగ్గర్లో ఇల్లు మూడూ ఉన్నవాళ్లు ఎంతమంది? మొదటి ఏడాది బాగానే వస్తారు. మూడో ఏడాదికి బాలాజీ నగర్ నుంచి రావాల్సినవాళ్లు ఒకసారి వచ్చి వెళ్లిపోయినవాళ్లే అయి ఉంటారు. ఎందుకు మానేశారో వాళ్లు పక్కింటివాళ్లకి చెప్పే ఉంటారు.

ఈ గండం గట్టెక్కడానికి చాలామంది ఏడాది ప్యాకేజీ పెడతారు. దసరాకి ఒక ఆఫర్, జనవరి ఒకటికి ఇంకొక ఆఫర్, ఏడాదికి 4,999. నెలకి వేసుకుంటే 416 రూపాయలు. జనవరిలో ఒక్కసారిగా మూడు లక్షలు చేతికొస్తే లాభం వచ్చినట్టే అనిపిస్తుంది, ఆ ఊపులో ఇంకొక క్రాస్ ట్రైనర్ మెషిన్ కొంటారు. ఆ డబ్బు ఇంకా మీది కాదు. పన్నెండు నెలలు హాలు తెరిచి, లైట్లు వేసి, ట్రైనరుకి జీతమిచ్చి తీర్చాల్సిన బాకీ అది. జూన్ వచ్చేసరికి డబ్బు ఉండదు, బాకీ మాత్రం ఆరు నెలలు మిగిలే ఉంటుంది. ఏడాది ఫీజు తీసుకుంటే వేరే ఖాతాలో వేసి, నెలకు పన్నెండో వంతు చొప్పున మాత్రమే వాడుకోండి. అలా ఉండగలిగే నిగ్రహం లేకపోతే ఏడాది ప్యాకేజీ జోలికే వెళ్లొద్దు.

ఎక్కువ ఫీజు, తక్కువ మంది

ఇప్పుడు రెండోది. 1000 చదరపు అడుగులు చాలు. అద్దె 18,000. ట్రైనర్లు ఇద్దరే కానీ పని తెలిసినవాళ్లు, 40,000. శుభ్రం చేసేవాళ్లకి 6,000, కరెంటుకి 10,000, రిపేర్లకి 2,000, ప్రచారానికి 2,000. సామాను కోసం అప్పు 5 లక్షలు, అదే వడ్డీకి వాయిదా 11,100. మొత్తం 89,100. మిగిలేది 30,900. నెలకు నూటికి అయిదుగురు మానేస్తారనుకుంటే కొత్తగా రావాల్సింది నలుగురే. నలుగురిని తేవడానికి ఫ్లెక్సీ అక్కర్లేదు, ఇప్పటికే వస్తున్నవాళ్లు తెస్తారు.

80 మంది హాలులో పడతారా అంటే పడతారు. పొద్దున్న మూడు బ్యాచ్‌లు, సాయంత్రం మూడు, పగటిపూట ఆడవాళ్లకి ఒకటి. బ్యాచ్‌కి 12 మంది చొప్పున 84 మంది. వారానికి మూడు రోజులు బరువులు ఎత్తితే మామూలు మనిషికి సరిపోతుంది. వారానికి కనీసం 2 రోజులు కండరాలకి పని చెప్పాలని, దానికి తోడు 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడకలాంటిది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కాబట్టి సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టు, మంగళ, గురు, శనివారాలు ఇంకొక జట్టు పెట్టుకుంటే అదే హాలులో ఇంకా చాలామందికి చోటుంటుంది. అద్దె ఒక్క రూపాయి పెరగదు. అసలు లాభం వచ్చేది ఇక్కడే.

నడక కోసం ట్రెడ్‌మిల్ ఎందుకు? అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్నే నడవడానికి ఎవరూ డబ్బులడగరు. కమర్షియల్ ట్రెడ్‌మిల్ అంటే లక్షల్లో మాట. బెల్టుకి నూనె వేయాలి, మోటారులోకి దుమ్ము పోకుండా చూడాలి, వోల్టేజీ ఎగిరితే బోర్డు పోతుంది, బాగుచేయడానికి విశాఖ నుంచి మనిషి దిగాలి. ఆ నాలుగు రోజులూ దాని మీద 'పని చేయదు' అన్న కాగితం వేలాడుతుంది. ఇనుప ప్లేట్లకి ఇవేమీ ఉండవు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక గడిపిన రోజులు గుర్తున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాలుగు ర్యాకులు, ప్లేట్లు తొడిగే మంచి ఇనుప బార్లు, ప్లేట్లు, డంబెల్సు, రెండు బెంచీలు, పుల్లప్ రాడ్లు, కింద మందపాటి రబ్బరు. 80 మందికి ఇంతకు మించి అక్కర్లేదు. బార్లు మాత్రం చవకవి కొనొద్దు, వంగిపోతాయి.

"పదిహేనొందలు ఎవరిస్తారు?"

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం ఇదే. "పక్కోడు ఆరొందలే తీసుకుంటన్నాడు కదేటి, నీకెందుకివ్వాలి బావూ?" అని మొహం మీదే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అదే హాలు, అవే డంబెల్సు చూపించి 1500 అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇచ్చేవాళ్లు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు కారు. నలభై దాటాక షుగరో బీపీయో బయటపడి, వ్యాయామం చెయ్యమని డాక్టరు చెప్పినవాళ్లు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, గంటస్తంభం దగ్గర పొద్దస్తమానం గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారులు. మోకాలు నొప్పెడుతుందేమో, నడుం పట్టేస్తుందేమో అని భయపడుతూ వస్తారు. అద్దాల ముందు కండలు చూసుకునే కుర్రాళ్ల మధ్య నిలబడటానికి మొహమాటపడతారు. ఇలాంటి మనిషికి మొదటి నెల కూర్చోవడం, లేవడం, వంగి బరువెత్తడం, తోయడం, లాగడం ఓపిగ్గా నేర్పించాలి. ప్రతి ఒక్కరికీ ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారో రాయాలి. మూడు రోజులు కనబడకపోతే ఫోన్ చెయ్యాలి. ఫీజు సంగతి ఎత్తకూడదు, "బాగున్నారా అండీ, ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే చాలు. 200 మందికి ఈ పని ఎవరూ చెయ్యలేరు. 80 మందికి ఇద్దరు చెయ్యగలరు. ఆ 1500 ఈ పనికే.

ఇక ఆడవాళ్ల బ్యాచ్. ఈ మాట గట్టిగా చెప్పాలి. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మన జిమ్‌లు చాలావాటిలో ఈగలు తోలుకుంటూ ఉంటారు. ఆ గంటల అద్దె ఎలాగూ కడుతున్నారు. పిల్లలు బడికెళ్లాక పది గంటలకి ఒక బ్యాచ్ పెట్టి, మహిళా కోచ్‌ని పెట్టి, మంచి బాత్రూమ్, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ సరిగ్గా పడే గది ఏర్పాటు చేస్తే అది నిండుతుందని నా నమ్మకం. బరువులెత్తడం ఆడవాళ్ల పని కాదనే మాట ఈ ప్రాంతంలో చెల్లదు. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస పక్క ఊరి పిల్ల. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్ల కబుర్లే. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల పతకం తెచ్చిన మత్స సంతోషిదీ ఆ ఊరే. పోటీలు మానేశాక సరైన ఉపాధి లేక ఇంట్లో ఉండిపోయే ఆడపిల్లలు ఇలాంటి ఊళ్లలో దొరుకుతారు. పెద్ద నగరం నుంచి సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాళ్లకన్నా బార్ పట్టుకోవడం వీళ్లకే బాగా తెలుసు. మంచి జీతమిచ్చి పిలవండి. ఒక 15 కిలోల బార్ కూడా కొనండి. 20 కిలోల మగవాళ్ల బార్ కన్నా సన్నంగా ఉంటుంది, చేతికి పట్టు దొరుకుతుంది.

మొదటిది గెలిచే చోటు

చింతలవలస వైపు ఇంజనీరింగ్ కాలేజీల చుట్టూ ఉన్న హాస్టళ్ల దగ్గరైతే నా మాట తిరగబడుతుంది. అక్కడ కుర్రాళ్ల దగ్గర 1500 ఉండదు, వాళ్లకి కోచింగూ అక్కర్లేదు, ఇనుము కావాలి. ఏటా కొత్త బ్యాచ్ కాలేజీలో చేరుతుంది కాబట్టి కొత్తవాళ్లకి కొరత లేదు. కానీ అక్కడ తక్కువ ఫీజు పెడితే ఖర్చు కూడా ఆ మేరకే ఉండాలి. రేకుల షెడ్డు, ఫ్యాన్లు, సెకండ్ హ్యాండ్ ప్లేట్లు, ఒక ట్రైనరు. ఏసీ ముచ్చట వద్దు. రెండు టన్నుల ఏసీ గంటకు సుమారు 2 యూనిట్లు తాగుతుందనుకుంటే, నాలుగు ఏసీలు రోజుకి ఆరు గంటలు వేస్తే నెలకు 1440 యూనిట్లు. కమర్షియల్ కనెక్షన్‌కి యూనిట్ 10 రూపాయల లెక్కన 14,400. అంటే 24 మంది కుర్రాళ్ల ఫీజు ఒక్క చల్లగాలికే పోతుంది. సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఆ రెండు నెలల అద్దె ముందే పక్కన పెట్టుకోవాలి.

పోలీసు, అగ్నివీర్ ఉద్యోగాలకి తయారయ్యే కుర్రాళ్లది వేరే దారి. కానిస్టేబుల్ పరీక్షకి 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్ జంప్ కావాలి, అగ్నివీర్‌కి పుల్లప్స్ కావాలి. వీళ్లకి పని ఎక్కువగా మైదానంలోనే. మూడు నెలల కోర్సుగా విడిగా ఫీజు పెట్టండి, నెలవారీ సభ్యుల్లో కలపొద్దు. వీళ్లు గురి ఉన్నవాళ్లు, ఒక్క రోజు మానరు. ఇలాంటి ఇద్దరు సెలెక్ట్ అయితే వాళ్ల ఊరంతా మీ పేరు చెబుతుంది.

నా లెక్కలో మునిగిపోయేవి ఈ రెండింటి మధ్యలో ఉండేవి. 600 ఫీజు పెట్టి, 1500 ఫీజు జిమ్‌కి కావాల్సిన హంగులన్నీ కొనేవి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాము నేర్చిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు కాలంలో ఈ ఊరి తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, గురువు ఉండేవాడు, సామాను కొద్దిగా ఉండేది. గురువుని తగ్గించి సామాను పెంచిన చోటల్లా లెక్క తప్పుతోంది.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా

ఏ పద్ధతిలో నడిపినా మన వైపు దెబ్బ తగిలే కాలం ఇది. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజుల దీక్ష. తెల్లవారకముందే స్నానం, పూజ, సాయంత్రం భజన, ఒంటిపూట భోజనం. జిమ్ మానేస్తారు, అది సహజం. తక్కువ ఫీజు జిమ్‌లో ఇలా మానేసినవాడు ఎవరికీ గుర్తుండడు, మాల తీశాక కూడా తిరిగి రాడు. చిన్న జిమ్‌లో ఆ 41 రోజులకి ఫీజు ఆపేసి, శబరిమల నుంచి వచ్చిన వారంలో ఫోన్ చేస్తే చాలావరకు వెనక్కొస్తారు. రాబడి తగ్గే ఆ రెండు నెలలకి సరిపడా డబ్బు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే దాచుకోవాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. మన లెక్కలో 14,40,000 కాబట్టి రెండింటికీ అవసరం రాదు. దాటాక, 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లకి 18 బదులు 5 శాతం. అయితే మెషిన్లు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. మెషిన్లు తక్కువున్న జిమ్‌కి ఇది ఇంకొంచెం అనుకూలం. ప్రోటీన్ డబ్బాలు అమ్మి సంపాదిద్దామనుకుంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు చేయించుకోండి, బిల్లుతో కొన్న సరుకే అమ్మండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అడిగేవాళ్లు వస్తారు. ఆ మాట ఎత్తిన ట్రైనరుని ఆ రోజే పంపించేయండి.

చివరిగా హాలు. మేడ మీద అద్దె తగ్గుతుంది, కానీ బరువు కింద పడ్డ ప్రతిసారీ కింది ఇంటివాళ్లు పైకొస్తారు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కలేరు. కాబట్టి నేల మీదే తీసుకోండి, ముందు ఇరవై బళ్లు ఆపుకునే జాగా ఉండాలి. అగ్రిమెంటు చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. బ్యాంకు వాయిదా చూస్తే 60 నెలలు. జిమ్ బాగా నడుస్తోందని తెలిసిన పన్నెండో నెలలో ఓనరు అద్దె పెంచితే, గోడకి బిగించిన ర్యాకులు, నేలకి అంటించిన రబ్బరు పీక్కుని ఎక్కడికి పోతారు? అయిదేళ్ల లీజు, ఏటా ఎంత శాతం పెంచుతారో ముందే రాసుకుని, రిజిస్ట్రేషన్ చేయించండి. ఓనరు ఒప్పుకోకపోతే ఎంత మంచి సెంటరైనా ఆ హాలు వదిలేసి ఇంకొకటి వెతకండి.