స్కైరిమ్‌లో కాలినడకన: సత్రాలు, బండ్లు, బేరాలు

స్కైరిమ్ అనే ఊహాదేశంలో తిరుగుతూ ఆడే వీడియో గేమ్ స్కైరిమ్ 2011 నవంబర్‌లో వచ్చింది. ఇన్నేళ్ళలో దాన్ని పూర్తి చేసినవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, అందులో సత్రాలు ఎలా ఉంటాయని అడిగితే చెప్పగలిగేవాళ్ళు తక్కువ. వాళ్ళ తప్పేం లేదు. మ్యాప్ తెరిచి ఊరి పేరు మీద నొక్కితే క్షణంలో అక్కడ తేలతాం. ఆకలి లేదు, చలి లేదు, నిద్ర అక్కర్లేదు. అలాంటప్పుడు సత్రంతో పనేముంటుంది?

సర్వైవల్ మోడ్ పెట్టుకుంటే లెక్కంతా మారిపోతుంది. ఇది 2017లో ఆ గేమ్ కొత్త రూపమైన స్పెషల్ ఎడిషన్‌కి వచ్చింది, 2021 నుంచి ఆ ఎడిషన్ ఉన్న అందరికీ ఉచితం. ఇందులో మ్యాప్ మీద నొక్కి ఎగిరిపోవడం కుదరదు. తగిలిన దెబ్బ దానంతటదే మానదు. చలి ఆరోగ్యాన్ని, ఆకలి స్టామినాను, అలసట మంత్రశక్తిని కోసేస్తూ ఉంటాయి. మోయగలిగే బరువు తగ్గుతుంది. బాణాలకీ, తాళాలు తీసే పుల్లలకీ కూడా బరువుంటుంది. పడుకుని లేస్తే తప్ప లెవెల్ పెరగదు. డ్రాగన్ల కథ తెలిసినవాళ్ళు కూడా ఈ మోడ్‌లో మళ్ళీ మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ దేశం ఎంత పెద్దదో, అందులో ఒక వెచ్చటి గది విలువ ఎంతో అప్పుడే తెలుస్తుంది. నేను తిరిగిన ఊళ్ళలో బస ఎలా ఉంది, బండ్లు ఎలా ఉన్నాయి, ఏ కొట్లో సరుకు అమ్ముకోవచ్చు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

అందరికీ మొదటి మజిలీ రివర్‌వుడ్. నది ఒడ్డున పదిళ్ళ పల్లె, చలి పెద్దగా ఉండదు. అక్కడి స్లీపింగ్ జెయంట్ సత్రంలో గది అద్దె రాత్రికి 10 సెప్టిమ్‌లు (ఈ దేశపు బంగారు నాణేలు). అసలు ఈ దేశంలో ఏ సత్రానికి వెళ్ళినా గది 10కే దొరుకుతుంది. మొదట్లో ఆ 10 కూడా బరువే. అందుకని రంపపు మిల్లు దగ్గర గొడ్డలి పట్టుకుని కట్టెలు కొట్టండి. మిల్లు యజమానురాలు గెర్డుర్ ఒక్కో కట్టెకి 5 సెప్టిమ్‌లు ఇస్తుంది, అంటే రెండు కట్టెలు అమ్మితే ఒక రాత్రి నిద్ర. ఎవరినీ చంపకుండా, దొంగతనం చేయకుండా బతకడానికి గేమ్ ఇచ్చిన దారి ఇది. మామూలు మోడ్‌లో దీన్ని పట్టించుకున్నవాళ్ళు నాకు తెలిసి లేరు. ఇక్కడి సరుకుల కొట్టు యజమాని లూకన్ తన బంగారు పంజా పోయిందని చెప్పే క్వెస్ట్ (మనకి అప్పగించే పని) ఒప్పుకునే ముందు ఒకటి ఆలోచించండి. ఆ పంజా కోసం వెళ్ళాల్సిన బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధి ఊరికి ఎదురుగానే కనిపిస్తుంది గానీ, కొండ ఎక్కేకొద్దీ మంచు మొదలవుతుంది. పైన కూర్చున్న బందిపోట్ల కన్నా ముందు చలే మన సంగతి చూస్తుంది. బొచ్చు తొడుగులు వేసుకుని, పగటిపూట బయల్దేరండి.

అక్కడి నుంచి వైట్‌రన్. కొత్తవాళ్ళు మకాం పెట్టాల్సిన ఊరు ఏదని అడిగితే నేను ఇదే చెబుతాను. దేశానికి ఇంచుమించు నడిమధ్యలో ఉంది, వాతావరణం నెమ్మది, గేటు బయటే గుర్రబ్బండి, లోపల అడుగు పెట్టగానే కమ్మరి కొట్టు, నాలుగడుగులు వేస్తే సంత, మూలికల కొట్టు, సరుకుల కొట్టు. బ్యానర్డ్ మేర్ సత్రంలో హాలు మధ్య పెద్ద నెగడు మండుతూ ఉంటుంది. వంట చేసుకోవడానికి దగ్గర్లోనే వసతి ఉంది, ఒక పక్క పాటగాడు పాడుతుంటాడు. అద్దెకిచ్చే గది మేడ మీద. నిద్ర లేచి తలుపు తీస్తే కిందున్న హాలంతా కనిపిస్తుంది. ఊళ్ళో సొంత ఇల్లు కావాలంటే బ్రీజ్‌హోమ్ 5000 సెప్టిమ్‌లకి వస్తుంది. సరుకు దాచుకోవడానికి అది కొనాల్సిందే. వెచ్చదనం, సందడి మాత్రం సత్రంలోనే ఎక్కువ.

గుర్రబ్బండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మ్యాప్ మీద ఎగిరే వీలు లేనప్పుడు దూరప్రయాణానికి మిగిలే ముఖ్యమైన దిక్కు ఇదే. వైట్‌రన్, విండ్‌హెల్మ్, రిఫ్టెన్, సాలిట్యూడ్, మార్కార్త్ అనే ఐదు పెద్ద ఊళ్ళ గుర్రపుశాలల దగ్గర బండి నిలబడి ఉంటుంది. పెద్ద ఊరికి 20, డాన్‌స్టార్, వింటర్‌హోల్డ్, మోర్తల్, ఫాల్క్‌రీత్ లాంటి చిన్న ఊళ్ళకి 50. కిరాయి ఎక్కువని కాదు గానీ, ఆ చిన్న ఊళ్ళలో తిరుగు బండి లేదు. 50 ఇచ్చి వింటర్‌హోల్డ్‌లో దిగామంటే వెనక్కి రావడం మన కాళ్ళ మీదే. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా బండెక్కితే, బస్తా నిండా సరుకుతో మంచులో ఇరుక్కుపోతాం. సొంత గుర్రం 1000 సెప్టిమ్‌లు. ఏటవాలు కొండలు కూడా ఎక్కేస్తుంది కాబట్టి ఆ డబ్బు ఎక్కడికీ పోదు. అయితే గుర్రం మీద ఉన్నంత మాత్రాన చలి ఆగదు.

ముఖ్య కథ ఎవరినైనా ఏడు వేల మెట్ల దారికి పంపుతుంది. దానికి బయల్దేరే ఊరు ఐవర్‌స్టెడ్. చుట్టూ పండుటాకుల చెట్లు, కింద నది, ఎదురుగా మబ్బుల్లోకి వెళ్ళిపోయే కొండ. విలెమీర్ సత్రం చిన్నది, శుభ్రంగా ఉంటుంది, యజమాని విల్‌హెల్మ్ మాటకారి. ఇక్కడ పడుకోకుండా కొండెక్కకండి. పైన హై హ్రోత్‌గార్ అనే మఠంలో ఉండే సన్యాసులకి చేర్చమని క్లిమ్మెక్ అనే ఆయన ఒక ఆహారం మూట ఇస్తాడు. బరువు లేని పని, తప్పక ఒప్పుకోండి.

ఆ ఎక్కడం నాకు ఈ గేమ్ మొత్తంలో బాగా ఇష్టమైన ప్రయాణం. మొదట గడ్డి, తర్వాత పలచటి మంచు, ఆ తర్వాత ఎదురుగాలి. దిక్సూచి పక్కనున్న చిన్న గుర్తు మారిందా అని చూసుకుంటూ నడవాలి. ఆరోగ్యం గీత చివర కొంచెం కొంచెంగా పనికిరాకుండా పోతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో, ఆడుతున్నవాళ్ళకే అర్థమవుతుంది. చేతిలో కాగడా ఉంటే ఒంటికి వెచ్చదనం పెరుగుతుంది. కానీ కాగడా పట్టుకుంటే డాలు పట్టుకోలేం. సగం దాటాక కొండచరియ మీద మంచు ట్రోల్ అనే మృగం కాచుకుని ఉంటుంది. దానికి నిప్పంటే పడదు, గాయాలు మాత్రం చూస్తుండగానే మానిపోతాయి. మనకేమో పోయిన ఆరోగ్యం ఒక్క చుక్క కూడా తిరిగి రాదు. అక్కడ డాలా, కాగడానా అని తేల్చుకోవడానికి పట్టే రెండు క్షణాల ఉత్కంఠ ఏ డ్రాగన్ పోరాటంలోనూ నాకు దొరకలేదు. నేను కాగడాతోనే వెళ్ళమంటాను. నిప్పు మంత్రం ఇంకో చేతిలో ఉండనే ఉంటుంది.

దారిలో పది రాతి పలకలుంటాయి. అన్నీ చదివితే ఒక దీవెన వస్తుంది. ఒక రోజు పాటు అడవి జంతువులు మన జోలికి రావు. మామూలుగా ఇదొక అలంకారం. తోడేళ్ళు పెట్టే గాయం కూడా ఖరీదైన ఈ మోడ్‌లో, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

విండ్‌హెల్మ్‌కి నడిచి వెళ్ళాలనుకుంటే వైట్‌రన్ నుంచి తూర్పుగా నది వెంట దారి. వాల్తైమ్ టవర్స్ దగ్గర బందిపోట్లు దారి సుంకం అడుగుతారు. డబ్బు కట్టేయడంలో నామోషీ ఏమీ లేదు, గాయాలకి అయ్యే మందుల ఖర్చుతో పోల్చుకోండి. ఇక విండ్‌హెల్మ్ నల్లరాతి కోట, పాతది, గంభీరమైనది. నాకు మాత్రం అక్కడ రెండో రాత్రి ఉండాలనిపించదు. గేటు లోపలికి రాగానే ఇద్దరు నార్డ్‌లు (ఈ దేశపు జనం) ఒక డన్మెర్ (ఎల్ఫ్‌లలో ఒక జాతి) స్త్రీని నిలదీస్తూ కనిపిస్తారు. డన్మెర్లందరినీ ఒక మురికివాడలోకి నెట్టారు. బల్లిరూపపు ఆర్గోనియన్లకైతే కోటలోపల చోటే లేదు, రేవు దగ్గర ఉంటారు. క్యాండిల్‌హార్త్ హాల్ సత్రం వసతి పరంగా బాగానే ఉంటుంది. మేడ మీద పెద్ద పొయ్యి, పక్కన పాట, వేడి సూప్. ఆ సూప్ ఆకలితో పాటు చలిని కూడా తగ్గిస్తుంది కాబట్టి ఉత్తరానికి వెళ్ళేముందు కొన్ని కొనుక్కోండి. రేవు దగ్గర కాలుజారి నీళ్ళలో పడకండి. ఆ నీళ్ళలో ఈదడమంటే కొద్ది క్షణాల్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వింటర్‌హోల్డ్ ఊరని చెప్పుకోవడానికి మిగిలింది తక్కువ. గేమ్ కాలమానంలో నాలుగో యుగం 122లో ఊరిలో చాలా భాగం సముద్రంలోకి కూలిపోయింది. మనం వెళ్ళేది 201లో. ఒక సత్రం, ఒక చిన్న కొట్టు, జార్ల్ (ఆ ప్రాంతపు పాలకుడు) ఇల్లు, చెదిరిపోయిన ఇళ్ళు. ఫ్రోజెన్ హార్త్ సత్రంలో అతిథుల కన్నా ఖాళీ ఎక్కువ. అయినా మంచు తుఫానులో నడిచొచ్చినవాడికి ఆ తలుపు దేవుడిలా కనిపిస్తుంది. వంతెన దాటితే మంత్రవిద్యల కాలేజీ. అందులో చేరితే మంచం ఉచితం, మంత్రాల పుస్తకాలు అమ్మేవాళ్ళు ఒకే చోట దొరుకుతారు, గ్రంథాలయం చూసే ఓర్క్ జాతి పెద్దాయన పుస్తకాలు కొంటాడు కూడా. మంత్రాలు వాడేవాళ్ళు సత్రం మాట మరచిపోయి నేరుగా అక్కడికే వెళ్ళడం మేలు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన బస. విండ్‌హెల్మ్ నుంచి డాన్‌స్టార్ వైపు వెళ్ళే దారిలో, ఏ ఊరికీ చెందకుండా, చెరువు పక్కన ఒంటరిగా ఉంటుంది నైట్‌గేట్ సత్రం. యజమాని హాడ్రింగ్. జనం లేరు, కొట్లు లేవు. కింది గదిలో ఒక ఓర్క్ ఎప్పటినుంచో ఉంటున్నాడు. ఆయనెవరో ఒక క్వెస్ట్‌లో తెలుస్తుంది, నేను చెప్పను. మామూలు మోడ్‌లో దీని పక్కనుంచే పరిగెత్తి వెళ్ళిపోతాం. నడిచేవాడికి మాత్రం రెండు వైపులా ఊళ్ళు దూరం, మంచు కురుస్తోంది, చీకటి పడింది, కాగడాలు అయిపోతున్నాయి, అప్పుడు ఎదురుగా ఆ కిటికీ వెలుగు. గేమ్ చేసినవాళ్ళు ఈ సత్రాన్ని సరిగ్గా కావలసిన చోట పెట్టారు. పెద్ద ఊళ్ళలో బస ఎంత హంగుగా ఉన్నా, అక్కడ పడుకోకపోతే ఇంకో చోటు ఉంటుంది. ఇక్కడ ఉండదు. ఇది దాటాక డాన్‌స్టార్. అక్కడ ఊరంతా పీడకలలతో బాధపడుతుంటుంది, ఆ క్వెస్ట్ మంచిది.

వ్యాపారం సంగతికొస్తే, ఏం అమ్ముతున్నామన్నదాని కన్నా కొట్టువాడి దగ్గర డబ్బెంతుందన్నది ముఖ్యం. మూలికల కొట్టులో దాదాపు 500, సరుకుల కొట్టులో 750, కమ్మరి దగ్గర 1000. అయిపోతే మళ్ళీ నిండడానికి 48 గంటలు పడుతుంది. ఆ రెండు రోజులూ అక్కడే కూర్చుంటే తిండి ఖర్చు మీద పడుతుంది. అందుకని సరుకు ఊరూరా పంచి అమ్మాలి. గుహల్లో దొరికే ఇనప కవచాలు మోసుకురావడం మానేయండి, బరువుకి తగ్గ ధర రాదు. రాక్షసుడి కాలి వేలు, గోధుమ కలిపి కాచిన మందు చూడండి. సీసా బరువు అర, ధర మాత్రం మొదటి రోజుల్లో కళ్ళు తిరిగేంత. గోధుమలు వైట్‌రన్ బయటి పొలాల్లోనే దొరుకుతాయి. మాట నేర్పు (స్పీచ్) నైపుణ్యం 50కి చేరాక మర్చంట్ అనే పెర్క్ (అదనపు సామర్థ్యం) తీసుకుంటే ఏ సరుకైనా ఏ కొట్టులోనైనా చెల్లుతుంది, ఆ ఒక్కదానితో సగం నడక తప్పుతుంది.

అమ్మకానికి అన్నిటికన్నా మంచి ఊరు సాలిట్యూడ్. గేటు లోపలికి వెళ్ళగానే సత్రం, బట్టల కొట్టు, మూలికలు, సరుకులు వరుసగా ఉంటాయి, బస్తా ఖాళీ చేసి అదే గంటలో వింకింగ్ స్కీవర్‌లో పడుకోవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గరే ఒకడికి శిరచ్ఛేదం జరుగుతుంటుంది, చూడలేనివాళ్ళు పక్కకి తప్పుకోండి. రిఫ్టెన్‌లో బీ అండ్ బార్బ్ సత్రం నడిపే ఆర్గోనియన్ జంట ఆదరం నాకు నచ్చింది, వాళ్ళు ప్రత్యేకంగా కలిపిచ్చే పానీయాలు వేరెక్కడా లేవు. ఊరు మాత్రం దొంగలది. మార్కార్త్‌లో మంచాలే రాతివి. డ్వెమర్లనే అంతరించిన జాతివాళ్ళు చెక్కిన ఊరది, చూడటానికి అద్భుతం, ఒక్క రాత్రికి చాలు.

ఖజీత్ అనే పిల్లిరూపపు జాతి వర్తకుల బిడారుల్ని ఊరి గోడల లోపలికి రానివ్వరు, గేటు బయట గుడారాలు వేసుకుంటారు. రిసాద్ బృందం వైట్‌రన్, మార్కార్త్ మధ్య, అకారి బృందం డాన్‌స్టార్, రిఫ్టెన్ మధ్య, మాద్రాన్ బృందం సాలిట్యూడ్, విండ్‌హెల్మ్ మధ్య తిరుగుతుంటాయి. ఊళ్ళో కొట్లు మూసేశాక చేరుకున్నప్పుడు వీళ్ళు కనిపిస్తే అదృష్టం. మర్యాదగా మాట్లాడతారు, రకరకాల సరుకు కొంటారు. వీళ్ళని బయట పెట్టి, దొంగసొత్తు కొనేవాళ్ళని లోపల ఉంచుకున్న ఊళ్ళంటే నాకు కోపమే.

ఇంకా ఓపిక ఉంటే విండ్‌హెల్మ్ రేవు నుంచి 250 సెప్టిమ్‌లకి సోల్‌స్టైమ్ దీవికి ఓడ ఉంది (డ్రాగన్‌బార్న్ అనే అదనపు భాగంలో వచ్చిన దీవి ఇది). దిగే ఊరు రేవెన్ రాక్, అంతా బూడిద నేల. గెల్డిస్ సాద్రి సత్రంలో సుజమ్మా అనే మద్యం పోస్తారు. అక్కడ కొట్లు తక్కువ కాబట్టి అమ్మాల్సినవన్నీ విండ్‌హెల్మ్‌లోనే అమ్మేసుకుని ఓడెక్కండి. దీవి ఉత్తరాన మళ్ళీ మంచే, బొచ్చు తొడుగులు మాత్రం అమ్మకండి.