వెల్క్రోనా, బల్లి పాదం టేపా?

వెల్క్రో, బల్లి పాదంలా అతుక్కునేలా మనుషులు చేసే టేపు, రెండూ ప్రకృతిని చూసి నేర్చుకున్నవే, కానీ అతుక్కునే పద్ధతి పూర్తిగా వేరు. 1941లో స్విస్ ఇంజనీర్ జార్జ్ ద మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకి పట్టుకున్న ముళ్ళ కాయల్ని మైక్రోస్కోప్‌లో చూస్తే ముల్లు ముల్లుకీ చివర చిన్న కొక్కెం కనపడింది, అదే తర్వాత వెల్క్రో అయింది. దానికి ఎదురుగా దారపు ఉచ్చులు ఉండాల్సిందే, అందుకే గాజు మీద పనికిరాదు, దుమ్మూ వెంట్రుకలూ ఇరుక్కుంటే పట్టు పోద్ది.

బల్లి పాదంలో జిగురూ లేదు, కొక్కెమూ లేదు, లక్షల సన్నని వెంట్రుకలు, ఒక్కోదాని చివర మళ్ళీ వందల చీలికలు, అవి గోడకి ఎంత దగ్గరగా ఆనుకుంటాయంటే అణువుల మధ్య ఉండే వాన్ డెర్ వాల్స్ బలమే బల్లిని మోసేస్తుంది, కోణం మార్చి లాగితే టక్కున ఊడొస్తుంది, మరక కూడా ఉండదు. నాకైతే ఇదే అద్భుతం! కాకపోతే అలాంటి వెంట్రుకలతో టేపు తయారీ కష్టం, బ్యాగులకీ చెప్పులకీ మాత్రం వెల్క్రోనే బెస్ట్.