కార్డు మీద పెద్దగా వేసే నంబరు చూసి కొనొద్దు, ఏడేళ్ళు వాడి చెప్తున్నా

ముందే చెప్పేస్తున్నా, మెమరీ కార్డు మీద పెద్ద పెద్ద అంకెల్లో 98 అని, 100 అని, 170 అని వేస్తారే, ఆ నంబరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది. అది కార్డులోంచి ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించుకునేటప్పటి స్పీడండి, సెకనుకి ఇన్ని ఎంబీలని. మనం బటన్ నొక్కినప్పుడు కెమెరా కార్డులోకి రాసే స్పీడు వేరే. అది చాలా కార్డుల మీద అసలు వెయ్యనే వెయ్యరు, వేసినా ప్యాకెట్ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటది. ఈ ఒక్క ముక్క తెలియక మా చెల్లి పెళ్ళిలో మూడు ముళ్ళ ఫొటో పోగొట్టుకున్నాను నేను.

నాది నికాన్ డీ7200 కెమెరా. ఉండేది గుంటూరు, ఆదివారం ఖాళీ దొరికితే ఉప్పలపాడు చెరువు దగ్గరికెళ్ళి పక్షుల ఫొటోలు, చుట్టాలిళ్ళల్లో ఏదన్నా ఫంక్షనుంటే అవి, అంతే నా వాడకం. కెమెరా గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిందే. దాన్ని మాత్రం ఆరు నెలలు ఆలోచించి, పదిమందిని అడిగి కొన్నాను, కార్డు దగ్గరికి వచ్చేసరికి అయిదు నిమిషాలు కూడా ఆలోచించలేదు. ఏదో పనిమీద విజయవాడ వెళ్ళి బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే ఒక షాపు కనపడింది, లోపలికెళ్ళి కెమెరాకి కార్డు కావాలన్నా, ఆయన 98 అని వేసున్న 32 జీబీ కార్డు తీసి ఇదే బాగా పోతుందండి అన్నాడు, 900 ఇచ్చి తెచ్చుకున్నా. 98 అంటే బాగానే ఉంది కదా అనుకున్నా. మూలన చిన్నగా సీ అక్షరంలో 10, యూ అక్షరంలో 1 ఉన్నాయి, వాటికి అర్థం ఉంటుందనే అప్పటికి నాకు తెలీదు.

ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు, అది కూడా చెప్పాలి. ఒక్కొక్క ఫొటో తీసుకునేవాడికి ఏ కార్డయినా ఒకటే.

2018 ఎండాకాలంలో మా పిన్ని కూతురి పెళ్ళి, మంగళగిరి దగ్గర ఫంక్షన్ హాల్లో, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. పెళ్ళికి ఫొటోగ్రాఫర్లని మాట్లాడారు, నేను తీయాల్సిన పనేం లేదు, కానీ చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే తిరిగిన పిల్ల, మూడు ముళ్ళ ఫొటో మాత్రం నా చేత్తో తియ్యాలని నాకు ఆశ. పెళ్ళికూతురి పక్కగా కొంచెం వెనక్కి చోటు చూసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నా. రా ఫార్మాట్ పెట్టుకున్నా, అంటే కెమెరాకి అందిన వివరాలన్నీ దాచే పెద్ద ఫైలు, తర్వాత రంగులు సరిచేసుకోవచ్చని. పంతులుగారు గట్టిమేళం గట్టిమేళం అని చెయ్యెత్తారు, సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకున్నాయి, బావ సూత్రం రెండు చేతుల్తో పట్టుకుని లేచాడు, నేను బటన్ నొక్కి పట్టుకున్నా. టకటకటక కొట్టుకుంటూ పోయింది, మూడు నాలుగు సెకన్లు, ఆగిపోయింది. మళ్ళీ నొక్కా. కదల్లేదు. వ్యూఫైండర్లో మూలన ఆర్ అక్షరం పక్కన ఇంకా ఎన్ని ఫొటోలు పడతాయో చూపిస్తది, అక్కడ రెండు సున్నాలు. వెనకాల కార్డు లైటు వెలిగింది వెలిగినట్టే ఉంది. నా కళ్ళముందు మొదటి ముడి పడింది, రెండోది పడింది, అక్షింతలు జల్లున పడుతున్నాయి, నేను చచ్చిపోయిన బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నా. మధ్యలో ఒక్కటి పడింది, దాన్నిండా ఎవరిదో అక్షింతలు వేసే చెయ్యి. ఆ తర్వాత పడినదాంట్లో బావ అప్పటికే కూర్చుంటున్నాడు. మొదట పడ్డ 18 ఫొటోల్లోనూ బావ సూత్రం పట్టుకుని వంగుతూనే ఉన్నాడు, ముడి ఒక్కదాంట్లోనూ లేదు.

భోజనాల దగ్గర పెళ్ళి ఫొటోగ్రాఫర్ అన్న కనిపిస్తే కెమెరా పాడైందేమో చూడన్నా అని ఇచ్చా. ఆయన కెమెరా ఆన్ కూడా చెయ్యలేదు, పక్కన మూత తీసి కార్డు బయటికి లాగి, బొటనవేలితో ఆ 98ని మూసేసి, "ఇది కనపడలేదనుకో తమ్ముడూ, ఇప్పుడు ఇంకేం కనపడుతుంది నీకు?" అన్నాడు. సీలో 10, యూలో 1 అన్నా. "అదే దీని అసలు స్పీడు. ఆ రెండూ ఒప్పుకునేది సెకనుకి పది ఎంబీ, అంతకు మించి వచ్చిందంటే నీ అదృష్టం" అన్నాడు. నా దురదృష్టం, నా కార్డుకి సరిగ్గా ఆ పదే వస్తోంది.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నా. నా కెమెరాలో ఒక రా ఫొటో దాదాపు 28 ఎంబీ. అలాంటివి సెకనుకి అయిదు కొడుతుంది. కొట్టినవన్నీ ముందు కెమెరా లోపలుండే బఫర్ అనే తాత్కాలిక జాగాలో పడతాయి, అందులో పట్టేది 18, అంటే మూడున్నర సెకన్లకి నిండిపోద్ది. నిండిన 500 ఎంబీ కార్డులోకి దిగాలి. సెకనుకి పది చొప్పున దిగితే 50 సెకన్లు. మూడు ముళ్ళు వెయ్యడానికి 50 సెకన్లు ఎవరికి పడుతుందండి.

ఆ నెలలోనే 64 జీబీ కార్డు ఇంకోటి కొన్నా, రెండువేల పైనే అయింది. ఈసారి పెద్ద నంబరు వైపు చూళ్ళేదు, మూలన యూ లోపల 3, దాని పక్కన వీ30 ఉన్నాయా అని మాత్రమే చూసుకున్నా. రెండింటికీ అర్థం ఒకటే, ఎంత తగ్గినా సెకనుకి 30 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని. నాకైతే 70 దాకా వస్తోంది, నిండిన బఫర్ ఏడెనిమిది సెకన్లలో ఖాళీ అవుద్ది.

కొన్న తర్వాత మొదటిసారి ఉప్పలపాడు తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున్నే గూడబాతులు వచ్చి చెరువులో దిగుతుంటే, కాళ్ళు ముందుకి చాపి, రెక్కలు పూర్తిగా విప్పి నీళ్ళ మీద జారతాయి, ఆ నీళ్ళు చిమ్మే క్షణం పాత కార్డుతో ఎప్పుడూ దొరికేది కాదు, ఒకదాన్ని తీసేసి ఇంకోదానికోసం కూర్చోవాల్సి వచ్చేది. ఆరోజు ఒకటి దిగింది తీశా, దాని వెనకే ఇంకోటి, అదీ తీశా, మూడోదానికి కూడా బటన్ పనిచేసింది. అక్కడే నిలబడి మా పిన్ని కూతురికి ఫోన్ చేసి చెప్పా, నీ పెళ్ళప్పుడు ఇది ఉంటే ఎంత బాగుండేదే అని. వాళ్ళ బాబు అన్నప్రాసనకి ఇదే కార్డు పెట్టుకెళ్ళా, వాడు వాళ్ళమ్మ ఒళ్ళోంచి పాక్కుంటూ వచ్చి పుస్తకం, డబ్బులు, బంగారం అన్నీ దాటుకుని పెన్ను పట్టుకునే దాకా ఒక్క అడుగు కూడా పోలేదు.

ఇంత చెప్పాక కొన్ని తగ్గించి కూడా చెప్పాలి. వీ30 అనేది అసలు వీడియో కోసం పెట్టిన గుర్తు, ఆగకుండా రాసుకుంటూ పోయేటప్పుడు కనీసం ఎంత అని. అందుకని వీ30 ఉన్న రెండు కార్డులు ఒకటే స్పీడు ఉంటాయని లేదు, మా ఆఫీసులో ఒకాయన నా మాట విని వేరే వీ30 కార్డు కొన్నాడు, అదే కెమెరాలో దానికి నాదాంట్లో సగం వస్తోంది. ఇంకోటి, ఎంత మంచి కార్డు పెట్టినా నా కెమెరాలో కొన్ని సెకన్ల తర్వాత నెమ్మదించక తప్పదు, ఎందుకంటే కెమెరాకీ కార్డుకీ మధ్య యూహెచ్‌ఎస్-1 అనే ఈ రకం దారిలో సెకనుకి 104 ఎంబీకి మించి పోదు, కెమెరా సెకనుకి తయారుచేసేదేమో 140. మరి కార్డు మీద 170 అని ఎట్లా వేస్తారంటే, దానికోసం ప్రత్యేకంగా చేసిన రీడర్లో పెట్టి చదివితే వచ్చేది అది, మన కెమెరాకి సంబంధం లేదు. ఎక్కువ డబ్బు పెట్టి యూహెచ్‌ఎస్-2 కొందామా అంటే, ఆ కార్డు వెనకాల రాగి గీతలు రెండు వరసలుంటాయి, డీ7200లో తగిలేది మొదటి వరసే. పనిచేస్తది, కానీ పెట్టిన డబ్బుకి తగ్గ స్పీడు రాదు. కొత్త కెమెరాలు కొన్నింట్లో రెండో వరస కూడా పనిచేస్తుంది, మీదేదో మాన్యువల్లో చూసుకోండి.

పాత కెమెరాలవాళ్ళయితే స్పీడు కంటే ముందు జీబీ చూసుకోవాలి. మా నాన్నగారి దగ్గర 2005 నాటి చిన్న కెమెరా ఉంది, దాంట్లో 32 జీబీ పెడితే కార్డు ఎర్రర్ అంటది. అప్పటి ఎస్డీ కార్డులు 2 జీబీ వరకే, 4 నుంచి 32 దాకా ఎస్డీహెచ్‌సీ, ఆపైన ఎస్డీఎక్స్‌సీ. కార్డు మీద ఏ పేరుంటే ఆ పేరు కెమెరా మీదో మాన్యువల్లోనో ఉండాలి. పాత కార్డు కొత్తదాంట్లో నడుస్తది, కొత్త కార్డు పాతదాంట్లో నడవదు.

నా కార్డు కూడా ఇప్పుడు కొత్తగా లేదు. రెండేళ్ళ కింద కొండవీడు కోట ఎక్కి పైన కెమెరా తీస్తే కార్డు లాక్ అయి ఉంది అని వచ్చింది. ఎడమపక్క చిన్న ప్లాస్టిక్ లాకు ఉంటదే, అది వదులైపోయి స్లాట్లోకి తోసేటప్పుడు కిందికి జారిపోతోంది. గోటితో పైకి తోసి పెడితే మళ్ళీ జారుద్ది. ఆ లాకుకి లోపల చిప్పుతో సంబంధం లేదట, స్లాట్లో ఉండే చిన్న స్విచ్చి ఆ ముక్క పైన ఉందా లేదా అని మాత్రమే చూస్తది. కింద షాపులో సెల్లోటేప్ అడిగి తీసుకుని ఆ గాడి మీద చిన్నముక్క అతికించా, పనిచేసింది. కానీ టేపు ఊడి స్లాట్లో ఇరుక్కుంటుందేమోనని భయంతో దాన్ని రెండో స్లాట్లో పెట్టి ఇంక తియ్యడం మానేశా, ఫొటోలు కేబుల్తోనే ఎక్కించుకుంటున్నా. మొదటి స్లాట్లో అదే రకం కొత్తది, రెండింట్లోనూ ఒకే ఫొటో పడేట్టు బ్యాకప్ పెట్టుకున్నా. అలా పెట్టినప్పుడు రెండూ మంచి కార్డులే ఉండాలి, ఒకటి నెమ్మదిదైతే రెండోది దానికోసం ఆగుద్ది.

కొనాలా వద్దా అంటే, మీరు జేపెగ్ (కెమెరానే కుదించి ఇచ్చే చిన్న ఫైలు) తీస్తే, పిల్లలు నిలబడితే ఒకటీ రెండూ తీసుకునేవాళ్ళయితే నా మొదటి కార్డు లాంటిదే చాలు, ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఎక్కువసేపు వీడియో తీసేవాళ్ళకి నా అనుభవం పనికిరాదు, నేను వీడియో తియ్యను. రాలో పక్షులు, పెళ్ళిళ్ళు తీసేవాళ్ళయితే యూ3, వీ30 కొనుక్కోండి, కొన్న రోజే కెమెరాలో పెట్టి లైటు ఆరిపోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఇంట్లో గోడ వైపు పెట్టి వరసగా ఫొటోలు కొట్టి చూసుకోండి, ఎక్కువ పడితే మర్నాడే వెళ్ళి మార్చుకోండి. నేను ఆ పని పెళ్ళికి వారం ముందు చేసుంటే సరిపోయేది. ఆ అక్షింతల చెయ్యి ఫొటో ఇప్పటికీ దాచుకునే ఉన్నా, అది మా పెద్దమ్మ చెయ్యని మా చెల్లే గాజులు చూసి చెప్పింది.